సెలవుల్లో రెట్టింపు

ఆ ఏడు గుడ్ ఫ్రైడే ఏప్రిల్ పద్దెనిమిదిన వచ్చింది. ముందురోజు గ్వెండా బేకరీలో కొన్న శిలువ గుర్తు బన్నులు రెండు వేడి చేసుకుని, వెన్న రాసుకుని తిన్నాను. రెండోది నా భార్య నెరీడా వాటా. ఆమె పోయి మూడేళ్ళయినా రెండేసి తెచ్చే అలవాటు నన్ను వదల్లేదు. పారేయడానికి మనసొప్పక ఆమె తరఫున నేనే తినేస్తున్నాను. ఈ ఏర్పాటు వల్ల నా నడుము కాస్త పెరిగింది. ఆమె ఉంటే చూసి నవ్వేది.

టీ కప్పుతో వరండాలోకి వచ్చేసరికి కొండ దిగువన యూకలిప్టస్ నీడలో తెల్ల కారు ఆగి ఉంది. వేగం పట్టే కెమెరా కారు.

మా కూరాబిన్ ఊళ్ళోకి రావాలంటే ఆ కొండ దిగక తప్పదు. కొండ మీద వందలో వెళ్ళవచ్చు. దిగేటప్పుడు ఎనభై ఉండేది. రెండేళ్ళ కిందట రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నట్టుండి మా ప్రాణాల మీద ప్రేమ పుట్టి, దాన్ని యాభైకి తగ్గించింది. ఈ కొండ మీద ఇంతవరకు ఎవరు చచ్చిపోయారో చెప్పమని మెర్వ్ కిల్టీ నిండు సభలో అడిగితే, అధికారి కాగితాలు తిరగేసి, నమోదైనవి కంగారూలేనని ఒప్పుకున్నాడు. ప్రేమ అంతటితో ఆగలేదు. నెలకు మూడు నాలుగుసార్లు కెమెరా కారును కూడా పంపడం మొదలుపెట్టింది. అది కూర్చునే చోటు ఎంపిక చేసినవారు బాగా చదువుకున్నవారై ఉండాలి. బ్రేకు మీద కాలు పెట్టకపోతే ఏ బండయినా దానంతట అదే డెబ్భై అందుకునేది సరిగ్గా అక్కడే.

ఊరి మొదట్లో ఒక పెద్ద బోర్డు కూడా వెలిసింది. 'మీ జరిమానాలే ఈ రోడ్డును సురక్షితం చేస్తున్నాయి' అని. ఆ బోర్డు కాళ్ళు పాతడానికి తీసిన గుంతలు తప్ప, ఆ డబ్బుతో ఇంకేదీ పూడ్చిన గుర్తు మాకెవరికీ లేదు. బోర్డు ఎదురుగా రోడ్డు మధ్యలో ఉన్న గోతిలోకి వాన పడితే బాతులు దిగుతాయి. వాటికి మాత్రం ఆ చోటు సురక్షితంగానే ఉన్నట్టుంది.

జరిమానా డబ్బు కట్టేస్తే పోతుంది. అసలు బాధ పాయింట్లతో. మనిషికి పదమూడు పాయింట్లు ఇస్తారు. తప్పు చేసినప్పుడల్లా కొన్ని పోతాయి, అన్నీ పోతే లైసెన్సు పోతుంది. పండగ సెలవుల్లో అయితే రెట్టింపు పోతాయి. మామూలు రోజున మూడు పాయింట్ల తప్పు ఈస్టరు రోజుల్లో ఆరు. క్షమాగుణానికి పేరుపడ్డ పండగను ఎంచుకుని మరీ శిక్ష రెట్టింపు చేయడం నాకు ఎప్పుడూ కాస్త విచిత్రంగానే అనిపిస్తుంది.

ఈ బాధల నుంచి బయటపడేందుకు ఊరు తనకు తానే ఒక ఉపాయం కనిపెట్టుకుంది. కెమెరా కారును ముందు చూసినవారు తమ చక్రాల చెత్త డబ్బాను తెచ్చి రోడ్డు అంచున నిలబెడతారు. అది చూసి పక్కవారు, వారిని చూసి ఆ పక్కవారు. చెత్త బండి వచ్చేది శుక్రవారం. మిగతా రోజుల్లో డబ్బాలు బయట కనిపించాయంటే దానికి ఒకటే అర్థం. కొండ దిగేవారు బ్రేకు వేసి, సండే స్కూలుకు వెళ్ళే పిల్లల్లా బుద్ధిగా వస్తారు. మరి శుక్రవారమే కెమెరా వస్తే? ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదు. శుక్రవారాలు అది వచ్చేది కాదు.

కొండ మీంచి దిగేవారికి మొదట కనిపించేది మా ఇల్లే కనుక ఈ పనిలో నాది ముఖ్యమైన ఉద్యోగం. నేను యాభైకి మించి నడపను. నలభై ఏళ్ళు మందుల షాపు నడిపినవాణ్ణి. సీసా మీద ఎంత రాసి ఉంటే అంతే పోసే అలవాటు, రోడ్డు మీద కూడా వచ్చింది. కానీ ఊరివారు అనవసరంగా నష్టపోతుంటే చూస్తూ ఊరుకోలేను. కాబట్టి ఆ పొద్దున డబ్బా తెచ్చి అంచున పెట్టాను. గుడ్ ఫ్రైడే కనుక ఆ వారం చెత్త బండి శనివారానికి మారిందని కౌన్సిల్ వారు పంపిన క్యాలెండర్ మా ఫ్రిజ్‌కు అంటించే ఉంది. కనుక ఇందులో తికమకకు తావు లేదనుకున్నాను.

మధ్యాహ్నం రెండు కావస్తుండగా ఫ్లాస్కులో టీ పోసుకుని కొండ దిగి, కారులో కూర్చున్న అమ్మాయికి ఇచ్చాను. పండగ పూట పొద్దున్నుంచి ఒంటరిగా కూర్చుంది. దారిన పోయేవారంతా ఆమెను తిట్టుకుంటూనే పోతారు. అది ఆమె పెట్టిన చట్టం కాదు కదా. కొడుకును అక్క ఇంట్లో వదిలి వచ్చానని చెప్పింది. పంచదార రెండు చెంచాలు వేయడం మంచిదయింది. ఆమె ఆ కప్పును రెండు చేతులతో పట్టుకుంది.

నేను తిరిగి కొండెక్కుతుండగా మెర్వ్ ట్రక్కు నా పక్క నుంచి గాలిలా దిగిపోయింది. చెయ్యెత్తాను, తనూ చెయ్యెత్తాడు. మా డబ్బానూ, పక్కింటి డబ్బానూ, వరుసగా నిలబడ్డ డబ్బాలన్నిటినీ దాటుకునే వచ్చినవాడు, కెమెరా కారును కూడా దాటి మలుపు తిరిగాడు. బ్రేకు దీపం వెలగలేదు.

మెర్వ్ గురించి చెప్పాలి. బోర్లు, మోటార్లు, గాలిమరలు బాగుచేస్తాడు. చుట్టుపక్కల వంద మైళ్ళలో గొర్రెలు నీళ్ళు తాగుతున్నాయంటే అతని చలవే. మా వీధి చివర ఉంటాడు. నెరీడా జబ్బు పడ్డ చలికాలం, అడక్కుండానే మా షెడ్డులో కట్టెలు పేర్చి పోయేవాడు. ఒకసారి కిటికీలోంచి చూసి బయటికి వెళ్తే, కట్టెలు ఎక్కువయ్యాయి కనుక పారేస్తున్నానని అబద్ధమాడాడు. కెమెరాల మీద అతనికున్నంత కోపం నాకు తెలిసి ఇంకెవరికీ లేదు. అది భద్రత కాదని, ఫోటో తీసి మరీ వసూలు చేసే పన్నని కనపడ్డవారందరికీ చెబుతాడు. కనపడనివారికి పత్రికలో రాస్తాడు.

ఉత్తరం రెండు వారాలకు వచ్చింది. యాభైలో అరవై ఎనిమిది. ఆరు పాయింట్లు. మెర్వ్ దగ్గర అప్పటికి మిగిలి ఉన్నవి అయిదు.

సాయంత్రం అతను మా వంటింట్లోకి వచ్చి కాగితం బల్ల మీద పెట్టాడు. కూర్చోలేదు.

"ఇది నీ పనే, ఆల్విన్."

"నేను డబ్బా పెట్టాను కదయ్యా."

"శుక్రవారం పెట్టావు. చెత్త రోజున చెత్త డబ్బా పెడితే నాకేం తెలుస్తుంది? ఊరంతా పద్ధతిగా చెత్త పెట్టుకుంది కదా అనుకున్నాను."

"ఆ వారం శనివారానికి మార్చారు. క్యాలెండర్ పంపారుగా."

"ఆ క్యాలెండర్ ఎవడు చదువుతాడయ్యా?"

నేను చదువుతానని చెప్పాను. అదే తన అభిప్రాయం కూడానని, ఈ దేశంలో దాన్ని చదివే ఒకే ఒక్క మనిషి ఉన్న వీధిలో ఇల్లు కట్టుకోవడం తన ఖర్మని అన్నాడు.

అప్పుడు కూర్చుని అసలు సంగతి చెప్పాడు. లైసెన్సు మూడు నెలలు పోతుంది. అతనికి పని ఎక్కువుండేదీ సరిగ్గా ఆ మూడు నెలలే. ఆ ఏడు వానలు లేక చెరువులు ఎండిపోయి, పొలాలన్నీ బోర్ల మీదే బతుకుతున్నాయి. ఒక మోటారు ఆగితే రెండు రోజుల్లో మంద పోతుంది. అతను వెళ్ళలేకపోతే రైతులు పక్క ఊరి మెకానిక్‌ను పిలుస్తారు. ఒకసారి పిలిచినవారు మళ్ళీ ఇటు రారు. పాతికేళ్ళ మీద కూడబెట్టుకున్న పని, జూన్‌లో మొదలయ్యే మా చలికాలం దాటేలోపు చేజారిపోతుంది.

దానికి మందు కూడా అతనే తెచ్చాడు. ఆ రోజు బండి నడిపింది మెర్వ్ కాదు, ఆల్విన్ ప్రిడమ్ అని నేను సంతకం పెట్టాలి. నా పదమూడు పాయింట్లూ చెక్కుచెదరకుండా ఉన్నాయని ఊరందరికీ తెలుసు.

ఇది మెర్వ్ బుర్రలో పుట్టిన ఆలోచన కాదు. మా ప్రాంతంలో పాయింట్లు చేబదులు ఇచ్చిపుచ్చుకోవడం మామూలే. ముఖ్యంగా డల్సీ అనే ముసలావిడ దగ్గర. ఎనభై తొమ్మిదేళ్ళు. మోకాళ్ళు పనిచేయక కుర్చీలోంచి లేవదు కానీ లైసెన్సు మాత్రం ఏటా రెన్యూ చేయించుకుంటూ వచ్చింది. మనవలు, మనవల స్నేహితులు, ఆ స్నేహితుల బావమరుదులు అందరూ ఆమె పేరే రాశారు. కాగితాల ప్రకారం ఆమె ఒకే శనివారం మూడు ఊళ్ళలో వేగంగా వెళ్ళింది, అందులో ఒకసారి మోటారు సైకిలు మీద. చివరికి కుర్చీలో కూర్చున్న చోటనే లైసెన్సు పోగొట్టుకుంది. ఆ ఉత్తరాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించిందట.

"అరవై ఎనిమిదిలో నేను వెళ్ళానంటే ఎవరు నమ్ముతారు?" అన్నాను.

"ఎవరూ నమ్మరు. కానీ అడగరు కూడా. వాళ్ళకు కావలసింది ఒక పేరు, ఒక చెక్కు. ముసలాయన మతి తప్పి తొక్కాడనుకుంటారు."

నవ్వు తెప్పించాలని చూశాడు. నాకు రాలేదు. షెడ్డులో పేర్చిన కట్టెలు కళ్ళ ముందు కదిలాయి. కలం కూడా అతనే తెచ్చాడు, మూత తీసి నా వైపు తిప్పి పెట్టాడు.

"మెర్వ్, పాయింట్లు పంచదారయితే డబ్బాతో సహా ఇచ్చేసేవాణ్ణి. ఇది సంతకం. నా సంతకం చూసి ఈ ఊరు నలభై ఏళ్ళు మాత్రలు మింగింది. దాన్ని దీనికి వాడలేను."

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కలానికి మూత పెట్టాడు.

"ప్రభుత్వం నీలాంటివాళ్ళనే కోరుకుంటుంది," అన్నాడు. అంతకంటే పెద్ద తిట్టు అతని దగ్గర లేదని నాకు తెలుసు.

ఆ తర్వాత వారం పైగా మాటల్లేవు. మా ప్రాంతంలో ఎదురుపడ్డ బండికి స్టీరింగు మీంచి ఒక వేలు పైకెత్తడం మర్యాద. పరాయి ఊరివాడికైనా ఎత్తుతారు. మెర్వ్ నాకు ఎత్తడం మానేశాడు. ఊళ్ళో నా పరువు కూడా పలుచబడింది. డబ్బా పెట్టి మోసం చేశానని కొందరు, శత్రువుకు టీ పోశానని మరికొందరు అన్నారు. హోటల్ బారులో ఒకతను నన్ను చూసి, ప్రభుత్వోద్యోగం బాగుందా అని పరామర్శించాడు. వసూళ్ళలో వాటా ఇంకా అందలేదని చెప్పాను.

బేకరీకి వెళ్తే గ్వెండా రెండు బన్నులతో పాటు ఒక ముక్క ఆపిల్ కేకు సంచిలో పెట్టి, డబ్బు తీసుకోలేదు. మెర్వ్ భార్య కనుక నాతో మాట్లాడకూడదు. అందుకని కౌంటరు తుడుస్తూ, కౌంటరుతోనే మాట్లాడింది.

"ఆ రోజు దాహంతో గొర్రెలు చచ్చిపోతున్నాయి, అందుకే తొక్కానని ఊరంతా చెబుతున్నాడు. గొర్రెలు లేవు, ఏమీ లేవు. ఆ రోజు మాంసం ముట్టం కదా, చేపల దుకాణం పండగ పూట రెండింటికే మూసేస్తారని నేను ఫోను చేశాను. చేపల కోసం వెళ్ళాడు."

"దొరికాయా?"

"మూసేశారు," అంది కౌంటరుతో. "గుడ్లు పొరటు చేసుకుని తిన్నాం."

మెర్వ్ ఇంకా ఓటమి ఒప్పుకోలేదు. నేను కాకపోతే అవతలి జిల్లాలో ఉన్న పినతండ్రి కొడుకు పేరు రాద్దామనుకున్నాడు. అయితే రాసేముందు ఫోటోలో ఎవరి ముఖమైనా పడిందేమో చూసుకోవడం మంచిదని ఎవరో చెప్పారు. ఫోటో తెప్పించుకున్నాడు. మర్నాడు సాయంత్రం మా వరండా మెట్ల మీద అతని బూట్ల చప్పుడు వినిపించింది. లోపలికి వచ్చి, ఈసారి కూర్చుని, ఫోటో నా ముందుకు తోశాడు.

ట్రక్కు వెనకభాగం స్పష్టంగా వచ్చింది. ముఖం పడలేదు. కానీ డ్రైవరు కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి చాచి ఉంది. దాని చివర రెండు వేళ్ళు, కెమెరాకు గౌరవం తెలుపుతూ, నిటారుగా. మా వైపు ఆ సంజ్ఞకు అర్థం బూతు. కెమెరా కారు కనపడగానే మెర్వ్ ముందు చేసేది అదే. బ్రేకు సంగతి తర్వాత. ఆ చేతి మీద మోచేయి నుంచి మణికట్టు దాకా పెద్ద అక్షరాలతో పచ్చబొట్టు. గ్వెండా.

నేను ఫోటోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశాను.

"నేను సంతకం పెట్టి ఉంటే, నా చేతి మీద నీ భార్య పేరు ఎందుకుందో కూడా రాయాల్సి వచ్చేది," అన్నాను.

అతని భుజాలు ముందు కదిలాయి. తర్వాత నవ్వు వచ్చింది. ఆపుకోలేక బల్ల పట్టుకుని నవ్వాడు. నవ్వు అయిపోయాక ముఖం తుడుచుకుని, టిల్లర్ పొలంలో మోటారు ఆగిందని, ఇందాకే ఫోను వచ్చిందని, రేపటి నుంచి తన లైసెన్సు చెల్లదని చెప్పాడు. టిల్లర్‌కు పక్క ఊరి మెకానిక్ నంబరు ఇవ్వాలా అని గ్వెండా అడిగిందట. అది వినగానే ఇటు బయలుదేరాడట.

"నేను నడుపుతాను," అన్నాను.

"ఏది?"

"నీ ట్రక్కు. నాకు పనేముంది? పదమూడు పాయింట్లు ఊరికే పడి ఉన్నాయి. మూడు నెలలు."

"నువ్వు నడిపితే టిల్లర్ దగ్గరికి వెళ్ళేసరికి గొర్రెలకు మనవలు పుడతారు."

"అయితే ఒక గంట ముందు బయలుదేరదాం."

అతను జేబులో చెయ్యి పెట్టాడు. ట్రక్కు తాళం తీసి ఫోటో మీద పెట్టాడు.

మర్నాడు తెల్లవారుతుండగా బయలుదేరాం. మెర్వ్ పక్క సీట్లో కూర్చుని, మొదటి అరగంట నేలలోకి లేని బ్రేకులూ లేని యాక్సిలరేటర్లూ తొక్కాడు. పిల్లలతో వెళ్ళే ఒక బండి మమ్మల్ని దాటింది. గుర్రాల ట్రైలరు లాగుతున్న ఒకామె దాటింది. ప్రతి బండి దాటినప్పుడూ అతను టోపీ కిందికి లాక్కున్నాడు. పది మైళ్ళు వెళ్ళాక ఒక కుర్రవాడు హారన్ మోగిస్తూ, తాకుతాడా అన్నంత దగ్గరగా దాటిపోయాడు. మెర్వ్ టోపీ పైకెత్తి చూశాడు.

"ఎక్కడికిరా అంత తొందర? వెధవ," అన్నాడు.

నేను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. అతను కూడా తను అన్నది విననట్టే ఉన్నాడు.

టిల్లర్ పొలంలో గొర్రెలు ఎండిన తొట్టి చుట్టూ నిలబడి ఉన్నాయి. అరవడం లేదు. అరవడం ఎప్పుడో మానేశాయి. మెర్వ్ వెంటనే సామాను దింపాడు. నేను పానాలు అందించాను, సగం తప్పువే. మధ్యాహ్నం దాటాక పైపు రెండుసార్లు దగ్గి, బురద కక్కి, తర్వాత నీళ్ళు పోసింది. గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడి తాగుతుంటే మెర్వ్ మోకాళ్ళ మీద కూర్చుని కాసేపు చూశాడు. టిల్లర్ అతని భుజం తట్టి, వచ్చే వారం ఇంకో రెండు బోర్లు చూడాలని చెప్పాడు. నా వైపు తిరిగి, కొత్త డ్రైవరా అని అడిగాడు. జీతం ఏమిటన్నది ఇంకా తేలలేదన్నాను.

తిరుగు ప్రయాణంలో పొద్దు వాలుతుండగా మా కొండ దిగుతున్నాం. ముల్లు యాభైకి ఇవతలే ఉంది. వెనక నుంచి ఒక తెల్ల కారు వచ్చి, మమ్మల్ని దాటి, కొండ కిందికి దూసుకుపోయింది. ఎనభైకి తక్కువ ఉండదు. దాని వెనక అద్దంలో కెమెరా పెట్టె కనిపించింది. డ్యూటీ అయిపోయి ఇంటికి వెళ్తోంది.

మెర్వ్ ముందుకు వంగి, అద్దానికి ముఖం ఆనించి చూశాడు. రెండేళ్ళుగా ఎదురుచూస్తున్న దృశ్యం అది. సభల్లో చెప్పడానికి, పత్రికకు రాయడానికి, ఎక్కడైనా నిలబెట్టడానికి పనికొచ్చే సాక్ష్యం. చేతిలో ఫోను కూడా ఉంది.

"చూశావా ఆల్విన్? దానికి చలానా ఎవడు పంపుతాడు?"

"కొడుకును అక్క ఇంట్లో వదిలిందట. ఆలస్యమై ఉంటుంది," అన్నాను.

అతను నా వైపు తిరిగి, ఏదో గట్టిగా అనబోయాడు. ఆ కారు మలుపు తిరిగి కనుమరుగయ్యేవరకు చూశాడు. ఫోను జేబులో పెట్టుకుని వెనక్కి వాలాడు.

"నాకు చేపలు కూడా దొరకలేదు," అన్నాడు కాసేపటికి. ఆ సంగతి నాకు అప్పటికే తెలుసని చెప్పలేదు.

అతని ఇంటి ముందు ఆపేసరికి వీధి దీపాలు వెలిగాయి. ఇల్లు చీకటిగా ఉంది. బేకరీ పని కోసం గ్వెండా వేకువకు ముందే లేవాలి, పొద్దుగుంకగానే పడుకుంటుంది. మెర్వ్ సామాను ఒక్కొక్కటే, ఇనుముకు ఇనుము తగలకుండా దింపి షెడ్డులో పెట్టాడు. నేను సాయం చేయబోతే చేత్తో వద్దన్నాడు. తాళం ఇవ్వబోతే తీసుకోలేదు.

"నీ దగ్గరే ఉంచు. పొద్దున ఏడింటికి రా. కాదు, నువ్వు కదా నడిపేది. ఆరింటికి రా."

బూట్లు మెట్ల దగ్గర విప్పేసి, మేజోళ్ళతో గుమ్మం ఎక్కాడు. పిడిని చివరిదాకా తిప్పి పట్టుకుని తలుపు లోపలికి లాక్కున్నాడు. రోడ్డు మీద ఉన్న నాకు గొళ్ళెం చప్పుడు కూడా వినపడలేదు.